దిళ్ళ కోట, చీర పైకప్పు: పడగ్గదిలో కోట కట్టేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మేముండేది రెండు పడగ్గదుల ఫ్లాటు. పెరడు లేదు, అరుగు లేదు. నాలుగేళ్ళ కిందట మే నెలలో ఒక వాన సాయంత్రం మా పిల్లలిద్దరూ మంచానికీ కిటికీకీ మధ్య దుప్పటి లాగి కట్టి, దాని కింద దూరారు. అప్పటి నుంచి సెలవులొచ్చాయంటే మా ఇంట్లో కోట లేవాల్సిందే. చూసిన పక్కింటివాళ్ళూ, ఫొటోలు చూసి ఫోన్ చేసిన నెల్లూరు చుట్టాలూ అవే సందేహాలు అడుగుతున్నారు. లిఫ్టులో నిలబడి సగం సగం చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోండి.

## మొదలుపెట్టే ముందు

మా గది చాలా చిన్నది. మంచం వేశాక నడవడానికే చోటు లేదు. కోట ఎక్కడ కట్టేది?

మంచాన్నే ఒక గోడ చేసుకోండి. క్వీన్ సైజు మంచం 5 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు ఉంటుంది. 10 అడుగుల గదిలో దాన్ని ఒక పక్క గోడకు ఆనించేస్తే అవతల దాదాపు 5 అడుగులు మిగులుతుంది. ఇద్దరు పిల్లలు కాళ్ళు చాపుకొని పడుకోవడానికి మూడున్నర అడుగులు చాలు. పిల్లలకు విశాలంగా ఉండటం కన్నా ఇరుకుగా ఉండటమే ఇష్టం. మా చిన్నవాడు పెద్ద కోట కట్టిన రోజు కూడా వెళ్ళి మూలలోనే ముడుచుకున్నాడు.

పాత చీరలు వాడొచ్చా? దుప్పట్లే కావాలా?

పైకప్పుకు చీరే మేలు, అదీ పాత నేత చీర. ఈ ఒక్క విషయం పట్టుకుంటే సగం కష్టాలు తీరతాయి: బరువైనవన్నీ కింద పరుచుకోవాలి, తేలికైనవే పైన కట్టుకోవాలి. నేత చీర అరకిలో తూగుతుంది. చలికాలంలో కప్పుకొనే డబుల్ రగ్గు రెండు మూడు కిలోల పైమాటే. ఆ రగ్గును పైన వేసి, కోట కూలిపోయిందని బాధపడేవాళ్ళను చాలామందిని చూశాను.

చీర పొడవు ఐదున్నర మీటర్లు, అంటే 18 అడుగులు. వెడల్పు 4 అడుగులకు కాస్త అటూ ఇటూ. కిటికీ గ్రిల్ నుంచి మంచం తలవైపు పలక దాకా 9 అడుగులు తీసుకెళ్ళి, అక్కడ తిప్పి, పక్కనే మళ్ళీ వెనక్కి తెస్తే 8 అడుగుల వెడల్పు పైకప్పు ఒక్క చీరతోనే వస్తుంది. మా అత్తగారి వెంకటగిరి చీర ఒకటి, అంచు దగ్గర చిరిగిపోయి కట్టుకోవడానికి పనికిరానిది, మా కోటకు నాలుగేళ్ళుగా కప్పు. పొద్దున కిటికీలోంచి ఎండ పడితే ఆ లేత పసుపు రంగు లోపలంతా పరుచుకుంటుంది. దాని కింద పడుకున్న పిల్లల మొహాలు చూడటానికే నేను కూడా దూరుతుంటాను.

పట్టు, సాటిన్, పాలిస్టర్ చీరలు వద్దు. నున్నగా ఉంటాయి కాబట్టి ఎంత బిగించి కట్టినా జారిపోతాయి. పాలిస్టర్‌లో గాలి కూడా సరిగా ఆడదు.

కనీసం ఏమేం సామాను ఉండాలి?

పాత నూలు చీరలు లేదా పల్చటి దుప్పట్లు రెండు, బొంత లేదా పరుపు ఒకటి, దొరికినన్ని దిళ్ళు, బట్టలారేసే క్లిప్పులు ఒక డజను, నూలు తాడు 20 అడుగులు, జుట్టుకు పెట్టుకొనే రబ్బరు బ్యాండ్లు, గోలీలు లేదా చింతగింజలు ఒక గుప్పెడు. కొనాల్సింది ఏమీ లేదు. తాడు మాత్రం నైలాన్‌ది వద్దు, ముడి నిలవదు.

రెడీమేడ్ టెంటు కొనేస్తే పోదా?

కొనుక్కోవచ్చు. కానీ పిల్లలు వారంలో దాన్ని మర్చిపోతారు. కట్టడమే ఆటలో మూడొంతులు. కూలడం, మళ్ళీ లేపడం, ఎక్కడ కట్టాలో పోట్లాడుకోవడం టెంటులో ఉండవు.

అద్దె ఇల్లు. గోడకు మేకులు కొట్టొద్దని ఓనర్ గట్టిగా చెప్పారు. మరి దేనికి కట్టాలి?

కిటికీ గ్రిల్‌కు. ఇక్కడి ఫ్లాట్లలో దాదాపు ప్రతి కిటికీకీ ఇనుప గ్రిల్ ఉంటుంది, గోడలో దిగేసి ఉంటుంది, పిల్లలు వేలాడినా కదలదు. రెండో కొసకు మంచం తలవైపు పలక ఉంది. గోడలో కట్టేసిన వార్డ్‌రోబ్ ఉంటే చీర అంచుకు ముడి వేసి, ముడి లోపలికి ఉండేలా తలుపు మూసేయండి. తాడు కూడా అక్కర్లేదు. అతికించే హుక్కులు మాత్రం నమ్మొద్దు. బరువు పడితే అవి సున్నంతో సహా ఊడి వస్తాయి, అప్పుడు ఓనర్‌కు సమాధానం చెప్పుకోవాలి.

ఎన్నేళ్ళ పిల్లలకు ఇది సరిపోతుంది?

మూడేళ్ళ నుంచి హాయిగా ఆడుకుంటారు, మూడు నాలుగేళ్ళ వాళ్ళ దగ్గర పెద్దవాళ్ళు ఉండాలి. ఏడాది లోపు పసిపిల్లలను దిళ్ళ మధ్య, వదులు దుప్పట్ల మధ్య ఒక్క నిమిషం కూడా పడుకోబెట్టొద్దు. ముక్కూ నోరూ మూసుకుపోతే తిప్పుకొనే శక్తి వాళ్ళకుండదు. ఇంట్లో పసిబిడ్డ ఉంటే కోటను బిడ్డ పడుకోని గదిలో కట్టండి.

## కట్టేటప్పుడు

తాడు ఎంత బిగించినా మధ్యలో వేలాడుతోంది. ఏం చేయాలి?

ఇంకా బిగించకండి. ఏ తాడూ బరువు మోస్తూ గీత గీసినట్టు నిలబడదు, ఎంతో కొంత కిందికి వంగుతుంది. ఆ వంపును సగానికి తగ్గించాలంటే తాడును రెండింతల బలంతో లాగాలి. మళ్ళీ సగం చేయాలంటే నాలుగింతలు. ఈ లాగుడంతా రెండు కొసల మీదే పడుతుంది, అందుకే మధ్య సరిచేయబోతే కొసన ఉన్న కుర్చీ పడిపోతుంది.

దీనికి మందు మధ్యలో ఒక ఊతం. ఇల్లు తుడిచే మాప్ కర్రను తలకిందులు చేసి, దాని మెత్తటి తలను చీర కిందికి తెచ్చి నిలబెట్టండి. కర్ర కింది కొసను రెండు దిళ్ళ మధ్య ఇరికిస్తే జారదు. గుడారం ఆకారం దానంతటదే వచ్చేస్తుంది, వాలు రెండు వైపులా పడుతుంది. కర్ర మధ్యలో ఉంటే అడ్డమని పిల్లలు గొడవ చేస్తే, చీర మీద ఉన్న బరువు తగ్గించండి. రెండు పొరలు వేసి ఉంటే ఒకటి తీసేయండి.

ఎత్తు విషయానికొస్తే, మధ్యలో 4 అడుగులు ఉంటే చాలు. పిల్లలు కూర్చుంటారు, పాకుతారు, నిలబడరు. ఎత్తు పెంచేకొద్దీ పక్క గోడలకు బట్ట చాలదు.

కుర్చీలు లోపలికి ఒరిగి పడిపోతున్నాయి.

కుర్చీ వీపు కోట లోపలి వైపుకు, కూర్చునే భాగం బయటికి ఉండేలా తిప్పండి. చీరను వీపు మీదుగా బయటికి వేసి, కూర్చునేచోట 5 కిలోల బియ్యం సంచి పడుకోబెట్టండి. చీర లోపలికి లాగుతుంటే బియ్యం బయటి వైపు పట్టి ఉంచుతుంది.

ఇంకా గట్టిగా కావాలంటే మన బెంగళూరు ఇళ్ళన్నిటిలో ఉండే 20 లీటర్ల నీళ్ళ క్యాన్ ఉంది కదా. నిండు క్యాన్ 20 కిలోలు, మెడకు తాడు కట్టుకోవడానికి గాడి కూడా ఉంది. దాన్ని నేల మీదే ఉంచండి, కుర్చీ మీదికి ఎత్తొద్దు. పైనుంచి పడితే పిల్లల కాళ్ళు నలుగుతాయి.

పిన్నీసులు పెడితే చీర చిరిగిపోయింది. ఇంకో దారి ఉందా?

ఉంది. మా నాన్న పొలంలో టార్పాలిన్ పట్టా కట్టేటప్పుడు చేసేవారు. పట్టా మూల చిల్లు పోతే చిన్న గులకరాయి తీసుకొని, మూలలో పెట్టి, పట్టాను దానిచుట్టూ మూటలా ముడిచి, మూట మెడకు తాడు బిగించేవారు. ఎంత గాలి వీచినా ఊడేది కాదు.

మనం రాయి బదులు గోలీ పెడదాం. చీర అంచు నుంచి జానెడు లోపల, బట్ట కింద గోలీ పెట్టండి. పైనుంచి పట్టుకొని నాలుగు వేళ్ళతో మెడ తిప్పండి, బట్ట మడతలు పువ్వులా ఒకచోటికి వస్తాయి. ఆ మెడకు రబ్బరు బ్యాండు మూడు చుట్లు వేసి, దాని మీద తాడు ముడి వేయండి. లాగుడు ఒక్క పోగు మీద పడకుండా ముడతలన్నిటి మీదా పడుతుంది కాబట్టి బట్ట చిరగదు. విప్పాక ఇస్త్రీ చేస్తే ఆనవాలు కూడా ఉండదు. పిన్నీసు మీద నాకున్న ఇంకో అభ్యంతరం, రాత్రి ఎప్పుడో ఊడి పరుపులో చేరుతుంది. మూడేళ్ళ లోపు పిల్లలుంటే గోలీ కూడా వద్దు, నోట్లో పెట్టుకుంటారు. చిన్న ఉండగా చుట్టిన సాక్సు పెట్టండి.

దిళ్ళతో గోడ కడితే కూలిపోతోంది.

ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చకండి. మేస్త్రీలు ఇటుకలు పేర్చినట్టు, కింద రెండు దిళ్ళ అతుకు మీద పై దిండు మధ్యభాగం రావాలి. గోడకు, మంచం పక్కకు ఆనించి పేర్చండి. అడుగు వరసలో బూరుగు దూది దిళ్ళు వేస్తే బరువుగా కదలకుండా ఉంటాయి. ఫైబర్ దిళ్ళు పై వరసకు. మూడు వరసల కంటే ఎత్తు అనవసరం.

తాడు ఎక్కడెక్కడ కట్టకూడదు?

ఫ్యానుకు, ఫ్యాను కొక్కేనికి కట్టకూడదు. తలుపు పిడికి కట్టకూడదు, ఎవరో తలుపు తోస్తే కోట మొత్తం ఒక్కసారి వస్తుంది. గోడకు బిగించని పుస్తకాల అల్మరాకు, విడి బీరువాకు, టీవీ బల్లకు అసలే వద్దు. కర్టెన్ రాడ్డు కర్టెన్ బరువుకే బిగించి ఉంటుంది.

రెండో ఏడాది నేను బట్టలారేసే మడత స్టాండుకు ఒక కొస కట్టాను. అది మడత పడుతుందన్న ఆలోచనే రాలేదు. చిన్నవాడు చీర పట్టుకొని లేచాడు, స్టాండు కాళ్ళు దగ్గరికొచ్చి వాడి వేలు మధ్యలో పడింది. గోరు నల్లబడి రెండు నెలలు ఉంది. అప్పటి నుంచి కట్టే ముందు ప్రతి కొసనూ నేను రెండు చేతులతో లాగి చూస్తాను. నా లాగుడుకు కదిలిందంటే అక్కడ కట్టను.

తాడు మిగిలితే లోపలికి వేలాడనివ్వకండి. ఉచ్చులా ఉన్న తాడు, మెడ దూరేంత చీర మడత పిల్లలకు ప్రమాదం. మిగిలిన కొస కత్తిరించండి లేదా బయటి వైపు చుట్టేయండి.

కోట మంచం మీదే కట్టొచ్చా?

కట్టొచ్చు, ఫ్యాను ఆపి, స్విచ్ మీద కాగితం అంటించాక. మంచం రెండడుగుల ఎత్తు, దాని మీద నిలబడి చేతులెత్తిన ఎనిమిదేళ్ళ పిల్ల వేళ్ళు ఫ్యాను రెక్కల దగ్గరికి వెళ్ళిపోతాయి. చీర విసిరితే రెక్కలకు చుట్టుకుంటుంది.

నాన్నమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆవిడా లోపలికి రావాలంటే?

మా పెద్దది వేసిన ప్రశ్న ఇది. ఒక పక్క చీరను కిటికీ గ్రిల్ పై కడ్డీకి కట్టి ఎత్తుగా ఉంచండి, ఆ వైపు చిన్న స్టూలో కుర్చీయో వేయండి, మిగతా కోట వాలుగా దిగుతుంది. పాకక్కర్లేకుండా తెర తొలగించి కూర్చోవచ్చు. మా అత్తగారు అలా కూర్చొని, కాళ్ళ దగ్గర ఇద్దరు పిల్లలతో మధ్యాహ్నమంతా గడిపారు.

## లోపల చేరాక

దీపానికి ఏం పెట్టాలి?

బ్యాటరీతో వెలిగే ఎల్ఈడీ లైట్లు లేదా టార్చి. కొవ్వొత్తి, ప్రమిద, వేడెక్కే పాతకాలపు బల్బు, టేబుల్ ల్యాంపు ఏవీ బట్ట దగ్గరికి రాకూడదు. పవర్ బ్యాంకుతో వెలిగించే లైట్ల దండ అయితే పవర్ బ్యాంకును కోట బయట, నేల మీద పెట్టండి, దిండు కింద వేడెక్కుతుంది. ఫోన్ ఛార్జింగ్ కూడా బయటే.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చవక లైట్లలో, బొమ్మ టార్చీల్లో చిన్న బిళ్ళ బ్యాటరీలుంటాయి. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలవు. బ్యాటరీ మూతకు స్క్రూ ఉన్నవే కొనండి. మింగారన్న అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

లోపల ఉక్కగా ఉందంటున్నారు.

ఏప్రిల్ మధ్యాహ్నం అయితే ఉక్కపోయడం సహజం. రెండు ద్వారాలు పెట్టండి, ఎదురెదురుగా. ఒకటి కిటికీ వైపు ఉంటే గాలి దారి దొరుకుతుంది. పైకప్పు, పక్క గోడల మధ్య బెత్తెడు సందు వదిలేయండి, వేడి గాలి పైనుంచి పోతుంది. రగ్గులన్నీ పైన కప్పేసి చీకటి చేయాలని పిల్లలు పట్టుబడతారు, ఒప్పుకోకండి.

దోమలు వస్తున్నాయి. లోపల మందు పెట్టొచ్చా?

పెట్టకండి. దోమల చక్రం నిప్పు, ప్లగ్గులో పెట్టేది వేడి. రెండూ బట్టల మధ్య ఉండకూడదు, మూసిన చోట ఆ పొగ పీల్చడం అంతకంటే మంచిది కాదు. ద్వారానికి పాత దోమతెర కట్టండి. ఇంట్లో కడ్డీలతో నిలబడే దోమతెర ఉంటే కోట సగం కట్టేసినట్టే, దాని చుట్టూ చీర వేయడమే మిగిలిన పని.

ఫోన్ ఇవ్వకుండా లోపల ఎంతసేపని కూర్చుంటారు? ఏం ఆడుకుంటారు?

గంటలు గంటలు కూర్చుంటారు. మొదటి పని ద్వారం దగ్గర పొడుపు కథ. విప్పితేనే లోపలికి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అని మా పెద్దది అడిగితే వాళ్ళ నాన్న ఆఫీసు బ్యాగుతో పది నిమిషాలు మోకాళ్ళ మీద కూర్చున్నారు. చిన్నవాడికి జాలేసి తెర సందులోంచి కళ్ళు టపటపలాడించి చూపించాడు. కనురెప్పలని అప్పుడు తట్టింది ఆయనకు.

చీకటి పడ్డాక తోలుబొమ్మలాట. ఒక పక్క గోడగా తెల్ల పంచె బిగించి కట్టండి, ముడతలుండకూడదు. లోపల టార్చి పెట్టి, టార్చికీ పంచెకూ మధ్య చేతులు ఆడిస్తే బయట కూర్చున్న వాళ్ళకు బొమ్మలు కనిపిస్తాయి. చెయ్యి టార్చి దగ్గరికి జరిపితే నీడ పెద్దదవుతుంది, అంచులు మసకబారతాయి. పంచెకు దగ్గరగా తెస్తే నీడ చిన్నదై స్పష్టంగా వస్తుంది. రాక్షసుడికి మొదటిది, కుందేలుకు రెండోది. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలు మీద రంగులద్ది బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ బొమ్మల కాళ్ళూ చేతులూ విడివిడిగా కదిలేలా కడతారు. మనం అట్టముక్కలు కత్తిరించి దారంతో కలిపితే అదే పద్ధతి.

ఇక అష్టాచెమ్మా, పుస్తకాలు, బొమ్మల పెళ్ళి. ఏమీ చేయకుండా పడుకొని కప్పు వైపు చూస్తున్నా సరే, ఏం చేస్తున్నారని అడగకండి.

కోట లోపల మాటలు మెత్తగా వినిపిస్తున్నాయెందుకని మా అబ్బాయి అడిగాడు.

మంచి ప్రశ్న. గట్టి గోడ శబ్దాన్ని వెనక్కి కొడుతుంది, బట్టా దూదీ పీల్చుకుంటాయి. గోల్కొండ తీసుకెళ్తే ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైనది చూపించవచ్చు. అక్కడ ఫతే దర్వాజా కప్పు కింద చప్పట్లు కొడితే కొండ మీద బాలాహిస్సార్ దగ్గర వినిపిస్తుంది. శత్రువు వస్తే పైవాళ్ళకు తెలియడానికి అలా కట్టారు. ఇంట్లో పిల్లవాడిని ముందు బాత్రూములో, తర్వాత కోటలో చప్పట్లు కొట్టమనండి, తేడా వాడికే తెలుస్తుంది.

కోటకు ఏం పేరు పెట్టాలి?

పిల్లలను పెట్టనివ్వండి, మీరు కథలు మాత్రం అందించండి. మాది గండికోట. పెన్నా నది కొండను కోసుకుంటూ పారిన గండి పక్కన ఉంది కాబట్టి ఆ పేరని చెబితే, మా వాళ్ళు మంచానికీ కోటకూ మధ్య నీలం చున్నీ పరిచి పెన్న అన్నారు. ఇక్కడే చూపించాలంటే కేఆర్ మార్కెట్ దగ్గర బెంగళూరు కోట మిగిలి ఉంది. 1537లో కెంపేగౌడ కట్టించినది మట్టికోట, 1761లో హైదర్ అలీ దాన్ని రాతితో కట్టించాడు. మొదట మెత్తటిది కట్టి తర్వాత గట్టిది కట్టారన్న మాట మా చిన్నవాడికి బాగా నచ్చింది.

లోపల తినొచ్చా?

జంతికలు, వేరుశనగలు, అరటిపండు సరే. నాలుగేళ్ళ లోపు వాళ్ళకు వేరుశనగలు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. పాయసం, రసాలు వద్దు, బొంతకు పట్టిన తీపి కోసం చీమలు తెల్లారేసరికి వరస కడతాయి.

## రాత్రి

అందులోనే పడుకుంటామని ఏడుస్తున్నారు. పడుకోనివ్వొచ్చా?

ఐదేళ్ళు దాటితే పడుకోనివ్వండి. కాకపోతే నిద్రపోయే ముందు కోటను కాస్త మార్చాలి. తల వైపు కప్పు మడిచేయండి, మొహం మీద ఏమీ పడే వీలుండకూడదు. మాప్ కర్ర, కుర్చీలు, బరువులు తీసేసి గ్రిల్‌కూ మంచానికీ కట్టిన చీర మాత్రం ఉంచండి. లైట్ల దండ ఆపేయండి. డిసెంబరు, జనవరిల్లో ఇక్కడి గచ్చు చల్లగా ఉంటుంది, కాబట్టి పరుపు కింద చాప వేసి పైన బొంత వేయండి. చలి పైనుంచి కంటే కిందినుంచే ఎక్కువ తగులుతుంది.

లోపలికెళ్ళగానే తుమ్ములు మొదలవుతున్నాయి.

అటక మీదినుంచి దించిన రగ్గులు నేరుగా వాడితే అంతే. కట్టే ముందు రోజు టెర్రస్ మీద ఎండలో వేసి, కర్రతో బాగా దులపండి. తుమ్ములు తగ్గకపోతే దిండు గలీబులు, దుప్పట్లు 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకండి, దుమ్ముపురుగులు ఆ వేడికి చస్తాయి. ఆస్తమా ఉన్న పిల్లలకు బూరుగు దిళ్ళు, పాత బొంతలు లేకుండా ఉతికిన చీరలతో మాత్రమే కట్టండి.

## విప్పేటప్పుడు

ఎన్ని రోజులు ఉంచొచ్చు?

మా ఇంట్లో మూడు రోజులు. నాలుగో రోజు కింద ఊడ్చి, తుడవాలి. కోట కదలకపోతే దుమ్ము కూడా కదలదు. మొదటి రోజు సాయంత్రమే విప్పించకండి. పొద్దున లేచి తాము కట్టింది ఇంకా అక్కడే ఉందని చూసుకోవడం వాళ్ళకు చాలా పెద్ద సంగతి.

ఆడాక అన్నీ ఉతకాలా? నీళ్ళకు ఇబ్బందిగా ఉంది.

అక్కర్లేదు. 2024 వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసిన రోజుల్లో మేం ఎండకే వదిలేశాం. నేల తాకినవి, మరకలు పడినవి ఉతకండి. పైన కట్టినవి దులిపి మూడు నాలుగు గంటలు ఎండలో వేస్తే సరిపోతుంది.

విప్పబోతే ఏడుస్తున్నారు.

మీరు విప్పకండి, వాళ్ళ చేత విప్పించండి. ముందురోజే చెప్పి, మొదటి ముడి ఎవరు విప్పాలో వాళ్ళనే తేల్చుకోమనండి. ముందు బరువులు, తర్వాత కర్ర, ఆ తర్వాత పైకప్పు, చివర దిళ్ళు. చీర దింపేటప్పుడు ఇద్దరూ చెరో కొస పట్టుకొని మడతపెట్టాలి, మధ్యలోకి నడిచొచ్చి కొసలు కలపాలి. అదే ఒక ఆట అయిపోతుంది. గోలీలు లెక్కపెట్టించండి, ఎన్ని పెట్టామో అన్నీ రావాలి. క్లిప్పులు, తాళ్ళు, గోలీలు, లైట్లు ఒక పాత దిండు గలీబులో వేసి మూతి కట్టి అటక మీద పెట్టేస్తే వచ్చే సెలవులకు వెతుక్కోవాల్సిన పని ఉండదు. మా గలీబు మీద పెద్దది స్కెచ్ పెన్నుతో "గండికోట సామాను, ఎవరూ ముట్టరాదు" అని రాసింది. కింద చిన్నవాడు "నాన్నమ్మ ముట్టొచ్చు" అని కలిపాడు.